వెనక మంచంలో మా బాపు

పెళ్లివారికి పంపాల్సిన నా ఫొటోను మా వాకిట్లోనే తీస్తానన్నాడు మేనబావ. అతను హనుమకొండలో ఒక స్టూడియోలో పనిచేసేవాడు. అక్కడ తెర ముందు నిలబెడితే ఎవరైనా బిగుసుకుపోతారనీ, పొద్దుటి వెలుగులో ముఖం కళగా వస్తుందనీ అనేవాడు. ఎనభైల మొదట్లో మాట. కాశిబుగ్గలో మాది మగ్గాల ఇల్లు.

ఆ ఆదివారం బావ వచ్చేసరికి బాపు వాకిట్లో మంచం మీద పడి ఉన్నాడు. ముందురోజు తాగిన సారా ఇంకా దిగలేదు. అమ్మ భుజం పట్టి కుదిపినా కదల్లేదు. చివరికి దుప్పటి కప్పి, బావ ముఖం చూడకుండా లోపలికి వెళ్లిపోయింది. నాకు తల కొట్టేసినట్టయింది.

"ఇయ్యాల వద్దు బావా" అన్నాను.

"కెమెరా మా సేటుది, మళ్ల ఇయ్యడు. ఫికర్ చెయ్యకు. లెన్సు మొత్తం తెరిచి తీస్త. నీ కండ్లు సాఫ్‌గ వస్తయి, ఎనుకదంత మంచు పట్టినట్టయితది. జర ముందుకు జరుగు."

జరిగాను. కానీ మా వాకిలి ఎంతని? కెమెరా పట్టుకున్న బావ వీపు అప్పటికే ప్రహరీ గోడకు ఆనింది. మంచం నా వీపు వెనకే ఉంది.

ఫొటో వచ్చింది. కనురెప్పల వెంట్రుకలు కూడా లెక్కపెట్టవచ్చు. వెనక గోడ నిజంగానే కరిగిపోయింది. మంచం మాత్రం కరగలేదు. అంచులు మెత్తబడ్డాయి గానీ, దుప్పటి, దాని కిందినుంచి వేలాడుతున్న చెయ్యి తెలుస్తూనే ఉన్నాయి.

"మంచం ఇంక దూరముంటే కలిసిపోతుండె" అన్నాడు బావ నసుగుతూ. తెలిసినవాళ్లకు తప్ప ఎవరికీ అర్థం కాదని అమ్మ ఆ ఫొటోనే పంపించింది.

హసన్‌పర్తి నుంచి పెళ్లివారు వచ్చారు. బాపు ఆ రోజు చుక్క ముట్టలేదు. తెల్ల ధోతి కట్టుకుని, వణికే చేతుల్ని తొడల కింద పెట్టుకుని కూర్చున్నాడు. పిల్లవాడి తల్లి మంచి మనిషి. ఫొటో చేతిలో పట్టుకుని అమ్మను అడిగింది:

"పిల్ల మంచిగున్నది వదినె. ఎనుక మంచంల ఎవరో పండుకున్నరు. ఎవరికన్న పానం బాగలేదా?"

నేను చాపలోకి కూరుకుపోతే బాగుండుననుకున్నాను.

"నేనే చెల్లె" అన్నాడు బాపు. "తాగి పడ్డ. లేపితె లెవ్వలే."

వచ్చినవాళ్లు చాయ్ గ్లాసులు కింద పెట్టారు. కాసేపటికి వాళ్లు చెప్పి పంపుతామని లేచారు. బాపు నావైపు చూడలేదు. నేనూ చూడలేదు. అన్నం తినకుండా వెళ్లి మగ్గం గుంటలో కూర్చున్నాడు.

వారం తర్వాత సంబంధం తెచ్చిన పెద్దమనిషి వచ్చాడు. "దాచకుంట చెప్పిండు, గదే చాలన్నది పిల్లగాని తల్లి" అన్నాడు.

అమ్మ ఏడ్చింది. ఆ మాట బాపుకు చెప్పమని నన్ను పంపింది. గడప దగ్గర నిలబడి చెప్పాను. ఆయన తల ఎత్తకుండా తెగిన పోగు ముడివేస్తూ "మంచిది బిడ్డా" అన్నాడు. ఆయన పక్కన కూర్చోవాలనిపించింది. కానీ ఆయన వల్ల సిగ్గుపడ్డానన్న సిగ్గుతో నా కాళ్లు గడప దాటలేదు.