ఎనిమిది దేశవాళీ మంచాలు

సక్రి సిస్టర్‌ని తలుచుకుంటే నాకు ఇప్పటికీ ఒళ్ళు మండుతుంది. ఆమె మీద కాదు, ఆమెను నిలబెట్టి మాట్లాడిన కుర్చీల మీద. ఆ కుర్చీల్లో ఒకటి నాది కాబట్టి ఆ మంటలో నా వాటా కూడా ఉంది. దాచడం ఎందుకు?

నాది కల్లూరు వైపు. బూర్గంపాడు దాటి అడవి మొదలయ్యే చోట ఉన్న ఒక ఆరోగ్య కేంద్రంలో ఆరేళ్ళు గుమాస్తాగా చేశాను. జీతాల బిల్లులు, స్టాకు రిజిస్టరు, వచ్చే ఉత్తరం, పోయే ఉత్తరం అన్నీ నా బల్ల మీదే. సక్రి అక్కడ నర్సు. పక్క తాండా మనిషి. ఆడపిల్ల బడికి పోతే చుట్టుపక్కల తాండాల వాళ్ళు వచ్చి చూసి వెళ్ళే రోజుల్లో పదో తరగతి దాకా చదివింది. ఖమ్మంలో ట్రైనింగ్ చేసి, డెబ్బై ఆరులో ఉద్యోగంలో చేరింది. ఇంట్లో లంబాడీ, ఆఫీసులో తెలుగు. కాన్పులకని గూడేలు తిరిగి తిరిగి కోయ భాష కూడా పట్టేసింది. మనిషి పొట్టి. గొంతు మాత్రం కాంపౌండు దాటి బస్సు ఆగే చోటికి వినపడేది.

ఆ గొంతు ఎప్పుడు లేచినా ఒక్క విషయం మీదే లేచేది. మా దగ్గర నెలకొకసారి పిల్లలు పుట్టకుండా చేసే ఆపరేషన్ల క్యాంపు పెట్టేవారు. క్యాంపుకి పన్నెండు మంది ఆడవాళ్ళు ఉండి తీరాలని టార్గెట్. ఆసుపత్రిలో ఉన్న మంచాలు నాలుగు. మిగతా ఎనిమిది మందిని వరండాలో బండల మీద వరసగా పడుకోబెట్టేవారు. కింద ఒక చాప, అదీ ఉంటే. పచ్చి కుట్లున్న కడుపుతో ఆ బండ మీద నుంచి లేచి దొడ్డికి పోవడం ఎలా ఉంటుందో టార్గెట్లు రాసేవాడికి ఏం పట్టింది? వాడి దగ్గర పన్నెండు అంకె సరిపోతే చాలు.

"పశువుల దవాఖానాల గూడ కింద ఇంత గడ్డి పరుస్తరు సారూ," అనేది సక్రి నా బల్ల ముందు నిలబడి. "మా ఆడోళ్ళు గంత కన్న కనాకష్టమా?"

నేను ఇండెంటు రాసి పంపేవాణ్ణి, ఎనిమిది మంచాలు కావలెనని. నిధులు లేవని జవాబు వచ్చేది. ఆ జవాబుకి రంధ్రాలు పొడిచి ఫైల్లో దారం కట్టేవాణ్ణి. నా పని అయిపోయినట్టు ఇంటికి పోయి అన్నం తినేవాణ్ణి.

ఆమె సొంత కథ ఇంకా చక్కనిది. ఆమె సర్వీసు రిజిస్టరులో ఒక చోట సక్రి అని, ఒక చోట సక్రీబాయి అని పడింది. రెండూ ఒక్క మనిషేనని తేల్చడానికి మా శాఖకు ఆరేళ్ళు పట్టింది. ఆ ఆరేళ్ళూ ఇంక్రిమెంట్లు ఆపేశారు. మనిషి రోజూ ఎదురుగా సూదులు వేస్తూనే ఉంది, అయినా రుజువు కావాలట! చివరికి అన్నీ కలిపి ఒకేసారి ఇచ్చారు. ఒకే ఏడు అంత సొమ్ము కనపడేసరికి ఆమె పెద్ద ఆదాయం ఉన్న మనిషి అయిపోయింది, ఇన్‌కమ్‌ టాక్స్ పడింది. కోసింది నేనే. పాత ఏళ్ళ జీతం ఆలస్యంగా వస్తే పన్నులో తగ్గింపు ఉంటుందని నాకు తెలియదు. ఖమ్మం నుంచి ఆడిట్‌కి వచ్చినాయన చూసి నన్ను నాలుగు తిట్టి కాగితాలు పంపించాడు. తొంభై ఒకటిలో దేశం బంగారం కుదువ పెట్టింది కదా, ఆ మరుసటి ఏడు ఆ పన్ను వెనక్కి వచ్చింది. ఆమెకి పద్దెనిమిది వందల చిల్లర. మరో నలుగురికి నేను తప్పుగా కోసినవి కూడా వచ్చాయి, వాటిలో నాదొకటి.

అప్పుడు మా డాక్టరు గారికి దేశభక్తి పుట్టుకొచ్చింది.

మీటింగ్ పెట్టి మా అయిదుగురినీ కూర్చోబెట్టాడు. "దేశం కష్టాల్లో ఉంది. సర్కారు మనకి పన్ను తిరిగి ఇచ్చింది. పెట్టెలో దాచుకుంటే ఎవరికి లాభం? ఖర్చు పెట్టండి. అయితే విదేశీ సరుకు వద్దు, దేశవాళీ సరుకే కొనండి. మన ఫ్యాక్టరీ నడుస్తుంది, మన మనిషికి పని దొరుకుతుంది. కొన్న వస్తువుకి పక్కా బిల్లు తెచ్చి ఆఫీసులో ఇవ్వండి, పైవాళ్ళకి పంపిద్దాం," అన్నాడు. పైనుంచి అలాంటి ఉత్తరం ఏదీ రాలేదు. వస్తే నా బల్ల మీదికే రావాలి కదా. బయటికి వచ్చి చూస్తే వేపచెట్టు కింద వ్యాను ఆగి ఉంది. దాంట్లో టీవీలు, మిక్సీలు, ఇస్త్రీ పెట్టెలు. అమ్మేవాడు డాక్టరు గారి బావమరిది.

సక్రి టీవీ అట్టపెట్టె మీద చెయ్యి పెట్టి అడిగింది. "ఇది దేశవాళీదా సార్?"

"కాక మరేమిటి?" డాక్టరు నవ్వాడు. "దేశవాళీ అంటే మీ తాండాలో తిరిగే కోళ్ళే అనుకున్నావా సిస్టర్?"

"మాకు గంతే తెలుసు సార్. ఈడ పుట్టి ఈడ పెరిగితే దేశవాళీ."

అందరూ నవ్వారు. నేనూ నవ్వాను. నవ్వి ఒక మిక్సీ కొన్నాను. మా క్వార్టర్లో కరెంటు ఉన్నంతసేపు వోల్టేజీ ఉండేది కాదు. పచ్చడి రోట్లోనే నూరుకున్నాం.

సక్రి ఏమీ కొనలేదు. మర్నాడు బూర్గంపాడులో ఇద్రీస్ దగ్గరికి పోయింది. ఇద్రీస్ వాళ్ళది మూడు తరాలుగా నులక మంచాలు చేసే ఇల్లు. ఇనప గొట్టాల మీద ప్లాస్టిక్ నవారు అల్లిన మంచాలు సంతలోకి వచ్చాక వాళ్ళని అడిగేవాడు లేడు. ఆ ఏడు అతను కట్టె చెక్కే బాడిస పక్కన పడేసి లారీల మీద బస్తాలు ఎత్తుతున్నాడు. ఎనిమిది మంచాలు అనగానే, "మజాక్ జేస్తున్నవా అక్కా?" అన్నాడట.

"మజాక్ ఏంది భాయ్? పొలం గట్ల మీది తుమ్మ కట్టె తీస్కో. మంచం కోళ్ళు, పట్టెలు నువ్వు జెయ్యి. నులక మా తాండా ఆడోళ్ళు పేనుతరు. వాళ్ళకు కూలి, నీకు కూలి. ఆ పైసలు గీ మట్టిల్నే ఉండాలె."

నెల తిరక్కుండా మంచాలు తయారయ్యాయి. చేతికి వచ్చిన రిఫండ్ మొత్తం ఆమె వాటికే పెట్టింది. ఒక మధ్యాహ్నం నా బల్ల మీద ఒక కాగితం పెట్టి, పక్కనే ఉన్న డాక్టరుతో అంది. "మీరు చెప్పిన తీర్గనే దేశవాళీ కోళ్ళే కొన్న సార్. ముప్పై రెండు. మంచానికి నాలుగు."

డాక్టరు మొహం మాడిపోయింది. కాగితం చూశాను. ఇద్రీస్ క్యాలెండరు వెనక ఉర్దూలో నాలుగు ముక్కలు రాసి సంతకం పెట్టాడు. అతనికి బిల్లు పుస్తకం ఎక్కడిది? "ఇది పక్కా బిల్లు కాదు సిస్టర్," అన్నాను. నంబరు లేదు, అచ్చు వేసిన షాపు పేరు లేదు. ఆ మాట అంటుంటే నాకు పెద్ద పని చేస్తున్నట్టు అనిపించింది. థూ!

మంచాలు బండి మీద వస్తుంటే అడవి చెక్‌పోస్టు దగ్గర ఆపేశారు. తుమ్మ కట్టె అని ఇద్రీస్ ఎంత మొత్తుకున్నా గార్డు వినలేదు. అడవి కట్టె కాదని రుజువుగా పక్కా బిల్లు కావాలి, లేదా ఇవి ఆసుపత్రివి అని ఉత్తరం కావాలి అన్నాడు. మంచాలు దింపించి గేటు పక్కన పడేసి, బండి తోలుకుపొమ్మన్నారు. టేకు దుంగలు లారీలకెత్తి పోతుంటే ఇదే గేటు ఎలా లేచేదో ఆ దారిన తిరిగే వాళ్ళందరికీ తెలుసు.

సక్రి పరిగెత్తుకుని వచ్చింది. "సారూ, ఒక్క లైను. గీ మంచాలు దవాఖానాకు వచ్చేటివి అని ఒక్క లైను రాసియ్యి."

డాక్టరుని అడిగాను. "బిల్లు లేని సామానుకి మనం కాగితం ఇస్తే రేపు మన మెడకే చుట్టుకుంటుంది. ఆమె డబ్బు, ఆమె తలనొప్పి," అన్నాడు. ఆయన భోజనానికి వెళ్ళాక నేను ఆ ఒక్క లైను రాయగలిగేవాణ్ణి. రబ్బరు స్టాంపు నా సొరుగులోనే ఉంది. రాయలేదు. తొమ్మిది రోజులు ఆ మంచాలు వానలో నానాయి.

పదో రోజు క్యాంపు. పన్నెండు మంది ఆడవాళ్ళు వచ్చారు. ఆపరేషన్లు చేసే సర్జన్ భద్రాచలం నుంచి జీపులో దిగాడు. సక్రి ఆపరేషన్ గది తలుపు మూసి దాని ముందు బాసింపట్టు వేసుకుని కూర్చుంది.

"మంచాలు రావాలె. అప్పుడే ఆపరేషన్లు."

"లే సిస్టర్. సస్పెండ్ చేయిస్తాను," అన్నాడు డాక్టరు.

"చెయ్యున్రి సార్. గా కాయితమన్న జల్దీ వస్తదేమో చూస్త. ఫ్యాక్టరీల టీవీ జేసినోడే ఈ దేశంల ఉన్నడా? ఇద్రీస్ భాయ్ లేడా? నులక పేనినోళ్ళు లేరా? నా పద్దెనిమిది వందలు మీ బావమరిదికి ఇస్తె దేశం నిలబడ్తది, వీళ్ళకు ఇస్తె నిలబడదా? ఏం దేశం సార్ మీది? బండ మీద పండేది మీ ఇంటి ఆడోళ్ళయితే గిట్లనే బిల్లు అడుగుతరా?"

వరండాలో కూర్చున్న ఆడవాళ్ళు ఒక్కొక్కరే లేచి ఆమె పక్కకి వచ్చి కూర్చున్నారు. సర్జన్ చేతి గడియారం చూసుకుని, ఇక్కడ ఏం జరుగుతోందని అడిగాడు. క్యాంపు జరగకపోతే పన్నెండు సున్నా అవుతుంది. డాక్టరుకి అది తగిలింది, ఇంకేదీ తగలలేదు. అరగంటలో ఉత్తరం చెప్పాడు, నేను టైపు చేశాను. తొమ్మిది రోజులు రాయలేని లైను రెండు నిమిషాల్లో అయిపోయింది.

మధ్యాహ్నానికి మంచాలు వచ్చాయి. నాని సాగిపోయిన నులకని ఇద్రీస్ వరండాలో కూర్చుని మళ్ళీ బిగించాడు. ఆ రోజు ఎవరూ నేల మీద పడుకోలేదు.

మూడో రోజు పొద్దున డాక్టరు నన్ను పిలిచి సక్రికి మెమో చెప్పి టైపు చేయించాడు. స్టాకు రిజిస్టరులో నమోదు కాని ప్రైవేటు సామాను ప్రభుత్వ ఆవరణలో ఉంచినందుకు సంజాయిషీ ఇవ్వాలి, సాయంత్రంలోగా తొలగించాలి. అది పట్టుకుని నేనే వరండాలోకి వెళ్ళాను. కుట్లు ఇంకా విప్పలేదు. ఎనిమిది మందీ మంచాల మీదే ఉన్నారు.

సక్రి చదివింది. ఈసారి అరవలేదు. నా మణికట్టు పట్టుకుని మంచాల మధ్యకి తీసుకుపోయింది.

"ఈమె మోతీ. ఈమె కొండమ్మ, నిన్నటి సంది జరం. ఆ చివర ఆమెకు కుట్లకాడ చీము బట్టింది. సాయంత్రం లోపట తియ్యమన్నరు గదా, ఎవర్ని ముందుగాల కింద పండవెట్టాలె? మెమోల పేర్లు లేవు. నువ్వు రాయి సారూ. రాసి సంతకం వెట్టు."

 ఆ మెమోలో ఏముందో ఆ ఆడవాళ్ళలో ఎవరికీ సరిగా తెలియదు. ఆఫీసు మనిషి కాగితం పట్టుకుని వచ్చి నిలబడ్డాడు, అంతే. కానీ కొండమ్మకి ఏదో అర్థమయింది. జ్వరంతో ఎర్రబడ్డ కళ్ళు తెరిచి నన్ను చూసింది. ఒక చేత్తో కుట్లని అదుముకుని, రెండో చేత్తో మంచం పట్టె పట్టుకుని, నేను చెప్పకముందే కాళ్ళు కిందికి దించింది. నేల మీద చోటు వెతుక్కుంటోంది.

"మంచం మీదే పడుకో అమ్మా," అన్నాను. ఆరేళ్ళ నౌకరీలో నా అంతట నేను ఇచ్చిన ఆర్డరు అదొక్కటే.