ఎడమ తలుపు దగ్గర ఇద్దరు

విమానంలో కెప్టెన్ కూర్చునేది ఎడమ సీట్లో. మన దేశంలో కారు నడిపేవాడు కూర్చునేది కుడి సీట్లో. ఈ సంగతి నాకు తెలుసు. తెలిసీ ఇన్నేళ్లుగా మా వాకిట్లో పరువు పోగొట్టుకుంటున్నాను. డ్యూటీ ముగించుకుని కరీంనగర్ వచ్చిన మరుసటి రోజు పొద్దున, కారు తాళాలు చేత పట్టుకుని తిన్నగా వెళ్లి ఎడమ తలుపు తీసి కూర్చుంటాను. బెల్టు పెట్టుకుంటాను. ఎదురుగా స్టీరింగు లేదేమిటా అని కాసేపు ఆలోచిస్తాను. మా ఆవిడ గడప దగ్గర నిలబడి, "నడిపేటోడు వేరే వస్తడా, లేకపోతే గట్లనే గాల్లకు లేస్తవా?" అని అడుగుతుంది. నేను హుందాగా దిగి, కారు చక్రాల్లో గాలి చూస్తున్నట్టు నటిస్తూ అటువైపు తిరిగి వెళతాను.

నా ఒక్కడి జబ్బే అనుకున్నాను చాలాకాలం. పోయిన చలికాలంలో ఒక ఆదివారం పొద్దున, మా ఇంటి ముందు ఆగిన కారు ఎడమ తలుపు మీద నా చెయ్యి పడగానే దాని పక్కనే ఇంకో చెయ్యి పడింది. అది కాగజ్‌నగర్ చెయ్యి.

కాగజ్‌నగర్ అంటే నా దోస్తు. ఊరి పేరుతోనే పిలుస్తాను, వాడు నన్ను మంథని అంటాడు. ఒకే ఏడు శిక్షణకు వెళ్లాం, ఒకే కంపెనీలో చేరాం, ఒకే రకం విమానం నడుపుతున్నాం. ఇద్దరం హైదరాబాదు నుంచే ఎగురుతాం. అయినా ఒక్కసారి కూడా కలిసి ఎగరలేదు. ఇద్దరం కెప్టెన్లమైతే ఉన్న ఎడమ సీటు ఒకటే. పైగా ఇప్పుడు ఇద్దరికీ అరవై దాటింది. అరవై దాటిన ఇద్దరిని ఒకే విమానం ముందు భాగంలో కూర్చోబెట్టకూడదని నిబంధన. ఎవరు రాశారో గాని మా ఇద్దరి మాటల ధోరణి తెలిసినవాడే రాసి ఉంటాడు.

కారు ఒక అమ్మాయిది. ఉట్నూర్ దగ్గరి పల్లె నుంచి వచ్చిన కో-పైలట్. కో-పైలట్ కూర్చునేది కుడి సీటు కాబట్టి ఆమెకు కారుతో ఏ పేచీ లేదు, పుట్టు డ్రైవరులా ఎక్కి కూర్చుంటుంది. కెప్టెన్ కావడానికి రాయాల్సిన పరీక్షలన్నీ రాసింది, చూపించాల్సిన పనితనమంతా చూపించింది. ఇంక ఖాళీ కావాల్సింది ఒక ఎడమ సీటే. ఆ పరీక్షలు పాసైన సంబరానికి వాళ్ల అవ్వ, బాపు, అంటే అమ్మానాన్నలు, మా ఇద్దరినీ భోజనానికి పిలిచారు. హైదరాబాదు నుంచి కాగజ్‌నగర్‌ను ఎక్కించుకుని, నాకోసం కరీంనగర్‌లో ఆగింది. కారు ఆగగానే వాడు కాళ్లు సాచుకోవడానికి దిగాడు.

తలుపు దగ్గర ఇద్దరం కదలకుండా నిలబడితే, ఆమె లోపలి నుంచి తల వంచి చూసి, "పోయేటప్పుడు ఒకలు, వచ్చేటప్పుడు ఒకలు కూసోరి సార్. సీటు యాడికి పోదు" అంది. కాగజ్‌నగర్ ముఖం ముడుచుకుని, నా నడుము నొప్పి మీద దయ తలచినట్టు మాట్లాడి వెనక్కి వెళ్లి కూర్చున్నాడు.

నవ్వులాటలా మొదలైంది గాని, ఆ రోజు నాకది నవ్వులాట కాదు. కారణం చెప్పాలి.

అరవై అయిదు నిండితే మమ్మల్ని దింపేస్తారు. దానికి నాకింకా కొన్నేళ్లుంది. కానీ పూర్తి డ్యూటీ శరీరం మోయడం లేదు. తెల్లవారుజామున లేచిన రోజున, మధ్యాహ్నానికి నా కళ్లు నాకంటే ముందే దిగిపోతున్నాయి. అలాగని మానేసే మనసూ లేదు. విమానానికీ విరామానికీ రెండక్షరాలే తేడా, ఆ రెండక్షరాల దగ్గరే నేను ఆగిపోతున్నాను. సరిగ్గా అప్పుడే మా పైలట్ల సంఘం ఒక ప్రతిపాదన పెట్టింది. రిటైర్మెంటుకు దగ్గరపడ్డ కెప్టెన్లు ఇద్దరు జతగా చేరి ఒకే ఉద్యోగం పంచుకోవచ్చు. నెలలో మొదటి సగం ఒకరు, రెండో సగం ఇంకొకరు. దీనికి అవునో కాదో పైలట్లందరూ ఫోనులో ఓటు వేయాలి. కావాలనుకున్న సీనియర్లు జత పేరు కూడా అందులోనే ఇవ్వాలి. ఆ ఆదివారం సాయంత్రం ఆరింటికి ఆఖరు. జత దొరకనివాడికి సగం డ్యూటీ లేదు. పూర్తిగా ఎగరాలి, లేదా పూర్తిగా దిగాలి.

హైదరాబాదు నుంచి ఎగిరేవాళ్లలో, నా విమానం నడిపే, నా వయసువాడు ఒక్కడే ఉన్నాడు. వాడు వెనక సీట్లో కూర్చుని ససేమిరా అంటున్నాడు.

చొప్పదండి దాటేదాకా వాడే మాట్లాడాడు. "సగం పెండ్లి ఉంటదారా యాడన్నా? సగం చావు ఉంటదా? మరి సగం పైలట్ ఏంది?" అన్నాడు. చేయి ఆడకపోతే తుప్పు పడుతుందని, పదిహేను రోజులు ఇంట్లో కూర్చున్నవాడు పదహారో రోజు విమానం దించితే అందులో కూర్చున్నవాళ్లు దేవుణ్ణి తలుచుకుంటారని అన్నాడు. ఇప్పుడు మాత్రం తలుచుకోవడం లేదా, నువ్వు దించినప్పుడల్లా కొబ్బరికాయ మొక్కుకునేవాళ్లు నాకే తెలుసు అన్నాను. అలసిపోయిన పూర్తి మనిషికంటే అలసట తీరిన సగం మనిషి నయమని నా వాదన. నిజానికి నా వాదనలో సగం భయం, సగం ఆశ. అక్కడా పూర్తిగా ఏదీ లేదు.

అమ్మాయిని అడిగాను, నీ ఓటు అవునుకేగదా అని. మేమిద్దరం ఒక సీటు పంచుకుంటే ఇంకో ఎడమ సీటు ఖాళీ అవుతుంది, అది ఆమెకే వస్తుంది. కాదంటుందని కలలో కూడా అనుకోలేదు.

"లేదు సార్. నేను కాదనే ఏస్త" అంది, కళ్లు రోడ్డు మీది నుంచి తీయకుండా.

ఆమె నెమ్మదిగా చెప్పింది. ఏ విమానం ఎవరు ఎక్కాలో సీనియారిటీ ప్రకారం ఎంచుకుంటాం కదా. సగం డ్యూటీ చేసే పెద్దలు తమకున్న సగంలో మంచి పొద్దటి ట్రిప్పులన్నీ ఏరుకుంటారు. అర్ధరాత్రివి, పండుగనాటివి కింద ఉన్నవాళ్లకు మిగులుతాయి. "మీరు పత్తి ఏరుకొని పోతరు, మేము పత్తికట్టె పీకాలె" అంది. వెనక నుంచి కాగజ్‌నగర్ పగలబడి నవ్వాడు. తన పక్షాన ఒక ఓటు దొరికిందన్న ఆనందం వాడిది. నాకు నవ్వు రాలేదు, ఎందుకంటే నా మనసులో ఏరుకోవాల్సిన పొద్దటి ట్రిప్పుల పేర్లు అప్పటికే సిద్ధంగా ఉన్నాయి.

రాయపట్నం వంతెన ఎక్కేసరికి వెనక సీటు ఉన్నట్టుండి చప్పుడు లేకుండా అయిపోయింది. తిరిగి చూశాను. వాడు అద్దానికి నుదురు ఆనించి గోదావరిని చూస్తున్నాడు. ఇసుక తిన్నెలు, మధ్యలో సన్నటి నీరు. వంతెన అయిపోయాక కూడా తల వెనక్కి తిప్పి చూస్తూనే ఉన్నాడు. కునుకు పట్టిందేమో అనుకున్నాను. లేదు, జన్నారం టేకు అడవంతా అలాగే చూశాడు.

పల్లెలో పత్తి ఏరే రోజులు. అరుగు నిండా పత్తి కుప్ప, దాని పక్కనే మాకు చాపలు. జొన్నరొట్టె, నాటుకోడి కూర, పచ్చిపులుసు. అమ్మాయి వాళ్ల అవ్వ వడ్డిస్తూ నన్ను చూసి, మా బిడ్డ విమానం ఎక్కేముందు ఫోను చేస్తే నేను పైలం బిడ్డా, జాగ్రత్తగా పోయిరా అంటాను, మీ ఇంట్లో ఎవరంటారు సార్ అని అడిగింది. మా అవ్వ కూడా అదే మాట అనేదని చెప్పాను. పైలట్ అనే మాట నేర్చుకోకముందే నాకు పైలం అనే మాట వచ్చు. ఉద్యోగంలో మొదటి పాఠం ఇంట్లోనే అయిపోయిందన్నమాట.

బాపు మాత్రం నేరుగా విషయానికి వచ్చాడు. "గీ ఓటేందో నాకు తెల్వది సార్. దీంతోని మా బిడ్డ కెప్టెన్ అయితదా, కాదా? గది చెప్పురి." ఇద్దరం ఒకేసారి ఇంకో రొట్టె అడిగాం. అమ్మాయి నవ్వాపుకోలేక లోపలికి వెళ్లింది.

చేతులు కడుక్కునేటప్పుడు, నీళ్ల గోలెం దగ్గర, కాగజ్‌నగర్ తన అన్న సంగతి చెప్పాడు. అన్న కాగితం మిల్లులో పనిచేసేవాడు. మిల్లు నాలుగేళ్లు మూతపడితే, ఆ నాలుగేళ్లూ రోజూ షిఫ్టు వేళకు లేచి, స్నానం చేసి, చొక్కా తొడుక్కుని అరుగు మీద కూర్చునేవాడట. తెరిచాక పిలిచారు గాని, అప్పటికి ఆయన మళ్లీ పనికి పోయే మనిషిగా మిగల్లేదు.

"బందు పెట్టుడు ఒక్క దినంల అయితదిరా. తెరుసుకునుడే కాదు. సగం అంటే నాకు గదే యాదికొస్తది" అన్నాడు.

ఇన్నేళ్ల దోస్తీలో వాడి మొండితనం కింద ఉన్నది ఇదని నాకు ఇప్పుడు తెలిసింది. వాడి చేతుల మీద ఇంకో చెంబు నీళ్లు పోశాను.

తిరుగు ప్రయాణానికి, మాట ప్రకారం వాడికోసం ఎడమ తలుపు తీసి నిలబడ్డాను. వాడు అప్పటికే వెనక కూర్చుని ఉన్నాడు. ముందుకు రమ్మంటే, ఇక్కడే మంచిగుంది, నువ్వే పో అన్నాడు. అడవిలోకి వచ్చాక, ఎవరూ ఏమీ అడగకముందే అన్నాడు.

"ముప్పై ఏండ్లు ముందలికే చూసిన. పక్కకు గూడ కిటికీ ఉంటదని గీ పొద్దే తెలిసింది."

కాసేపటికి అన్నాడు: "పదిహేను దినాలు మా అన్నను తీస్కొని గిట్ల తిరుగుత. ఇన్ని ఏండ్లు ఆయనను గా అరుగు మీదనే ఇడిసిపెట్టిన. మిగిలిన పదిహేను ఎగురుత. తుప్పు పట్టకుంట సిమ్యులేటర్ల అదనంగ కూసుంట. కానీ ఒక షరతు. గా అమ్మాయి చెప్పింది నిజం. సగంల చెడ్డది గూడ సగం మనకే రావాలె. రాత్రివి, పండుగవి. ఏరుకునుడు లేదు. గది గూడ రాసి పంపుదాం. ఒప్పుకుంటవా?"

నా పొద్దటి ట్రిప్పులు ఒక్కొక్కటే కళ్లముందు నుంచి గాల్లోకి లేచి వెళ్లిపోయాయి. ఒప్పుకున్నాను. అమ్మాయి అద్దంలో వాణ్ణి చూసి, అట్లయితే నాది అవును సార్ అంది.

ముగ్గురం ఒకేసారి ఫోన్లు తీశాం. ముగ్గురి ఫోన్లలోనూ సిగ్నల్ లేదు.

సముద్రం మీద కూడా భూమితో మాట్లాడే మనుషులం. జన్నారం అడవి మా ముగ్గురి నోళ్లూ మూయించింది. పొద్దు వాలుతోంది. అమ్మాయి తొందరపడబోతే రోడ్డు ఒప్పుకోలేదు, అడవి జంతువుల కోసం అడుగడుగునా స్పీడు బ్రేకర్లు. అవి దాటితే ముందు ఒక పత్తి ట్రాక్టరు. రోడ్డుకు రెండువైపులా ఉబ్బిన పొట్టతో, పండుగకు పుట్టింటికి వెళుతున్న ఇల్లాలంత నింపాదిగా పోతోంది. ఆకాశంలో తెల్లటి మబ్బు ఎదురైతే పక్కకు తప్పుకుంటాం, నేలమీది ఈ తెల్ల మబ్బును తప్పించే దారి లేదు. హారన్ కొడితే ట్రాక్టరాయన చెయ్యి బయటపెట్టి, ఆగమాగం కావద్దని సైగ చేశాడు. కాగజ్‌నగర్ మా ఇద్దరి సీట్ల మధ్యలోంచి తల ముందుకు పెట్టి, సిగ్నల్, సిగ్నల్ అని గొణుగుతున్నాడు. పొద్దున కాదన్నవాడికే ఇప్పుడు ఎక్కువ పరేషాన్.

లక్షెట్టిపేట పొలిమేరలో నా ఫోను కుయ్యిమంది. అమ్మాయి బండి పక్కకు తీసి ఆపింది. ఆరు కావడానికి నిమిషాలే ఉన్నాయి.

వేరే ఎవరైనా అయితే టకటకా నొక్కేసేవారు. మాకు అలా చేతకాదు. ఏదైనా నొక్కేముందు ఒకరు చదవాలి, ఇంకొకరు చూసి సరే అనాలి. ఇది మాకు ఎముకల్లోకి ఎక్కిన అలవాటు. నేను గట్టిగా చదివాను: ప్రతిపాదనకు అవును. వాడు నా భుజం మీదుగా చూసి, అవును, సరే అన్నాడు. జత: కాగజ్‌నగర్ కెప్టెన్. సరే. షరతు: ఏరుకోవడం లేదు. సరే. వాడి ఫోనులో ఇదే మళ్లీ మొదటి నుంచి. అమ్మాయి తన ఓటు తాను చదువుకుంది, నేను సరే అన్నాను. పక్కన బజ్జీల బండి అతను మమ్మల్ని విచిత్రంగా చూస్తున్నాడు. అప్పుడు నొక్కాం. మూడు ఫోన్లలోనూ అందింది అన్న మాట కనిపించింది. ముగ్గురం ఒకేసారి మాట్లాడాం. ప్రతిపాదన నెగ్గుతుందో లేదో ఇంకా తెలియదు. అయినా ఇద్దరం ఒక సీటుకు జతపడ్డాం, అది మాత్రం ఖాయం.

అప్పుడు కాగజ్‌నగర్ కారు దిగి వచ్చి నా తలుపు తీశాడు.

"దిగు. సగం అయిపోయింది. ఇగ నా సగం."

ఒక పైలట్ ఇంకొకరికి విమానం అప్పగించేటప్పుడు నోటితో చెప్పాలి, తీసుకునేవాడు కూడా నోటితో చెప్పాలి. నేను దిగి, "కంట్రోల్ నీది" అన్నాను. "కంట్రోల్ నాది" అని వాడు ఎక్కి కూర్చున్నాడు. ఆ సీట్లో కంట్రోల్ చేయడానికి ఏసీ, రేడియో తప్ప ఇంకేమీ లేవు. అయినా వీపు నిటారుగా పెట్టాడు. కుడి సీట్లో నుంచి అమ్మాయి, "సార్, బెల్టు" అంది.

నేను వెనక్కి వెళ్లి కూర్చున్నాను. కారు వంతెన ఎక్కింది. ముందు అద్దంలో ఏముందో వాళ్లిద్దరూ చూసుకుంటారు. నేను పక్క కిటికీకి నుదురు ఆనించాను. అద్దం మీద వాడి నుదుటి మరక ఇంకా ఉంది. అందులోంచి గోదావరి, ఎర్రబడిన సన్నటి నీరు, ఇసుక మీద ఎవరో వదిలేసిన పడవ.