లాయర్ రక్కర్ పిలవని సాక్షి

అలొంజో రక్కర్ యుద్ధం నుంచి తిరిగొచ్చిన రోజున ఆయన చొక్కా మీద వెండి నక్షత్రం పతకం ఉంది. బస్సు దిగగానే దాన్ని తీసి జేబులో వేసుకున్నాడు. తెల్లవాళ్ల కంట పడుతుందని భయపడ్డాడని మా నల్లవాళ్లలో కొందరన్నారు. అసలు కారణం కొన్నేళ్ల తర్వాత మా వంటింట్లో కూర్చుని మా అమ్మకీ నాకూ చెప్పాడు.

మాది అమెరికా దక్షిణాన, జార్జియాలో కేల్బీ. చుట్టూ పైన్ అడవులు, ఊరి చివర రంపపు మిల్లు. మిల్లూ, సగం భూములూ ల్యాన్‌హమ్ కుటుంబానివి. మా అమ్మ ఓలా మే వాళ్లింట్లో వంటమనిషి. నేను పుట్టకముందు నుంచీ ఆ ఇంటి పొయ్యి ఆవిడదే.

సైనికులకి ప్రభుత్వం ఇచ్చే సాయంతో అలొంజో వాషింగ్టన్‌లో లా చదివాడు. అక్కడే స్థిరపడమని అందరూ చెప్పినా వినలేదు. తిరిగొచ్చి పచారీ కొట్టు మీద గది తీసుకుని బోర్డు కట్టాడు. మా కౌంటీలో నల్ల లాయరు ఆయనొక్కడే. నాకు టైపు వచ్చు కాబట్టి ఆయన దగ్గర పనికి కుదిరాను. పెద్దగా మాట్లాడే మనిషి కాదు. గది తలుపుకి ఎదురుగా తప్ప ఎక్కడా కూర్చునేవాడు కాదు. వీధిలో కారు పొగగొట్టం ఢామ్మంటే చేతిలో కలం ఆగిపోయేది, కాసేపటికి మళ్లీ కదిలేది.

పందొమ్మిది వందల యాభై ఒకటో సంవత్సరం వేసవిలో, నల్లవాడు ఓటు అడగడమే నేరంగా చూసే మా ఊళ్లో, మిల్లు కూలీ క్లీవన్ పిట్‌మన్ కోర్టుకెళ్లి ఓటర్ల జాబితాలో పేరు రాయించుకున్నాడు. ఆ వారంలోనే ఒక సాయంత్రం, ఇంకా వెలుతురు ఉండగానే, అతని ఇంటి ముందు ట్రక్కు ఆగింది. బయటికి రమ్మని అరిచారు. క్లీవన్ భార్యనీ పిల్లనీ మంచం కిందికి తోసి తలుపు గడియ పెట్టాడు. వాళ్లు తలుపు పగలగొడుతుంటే లోపల్నించి తుపాకీ పేల్చాడు. మిల్లు యజమాని కొడుకు డేల్ ల్యాన్‌హమ్ తొడలో తూటా రవ్వలు దిగాయి.

క్లీవన్ మీద హత్యాయత్నం కేసు పెట్టారు. అతని తరఫున వాదించడానికి అలొంజో ఒప్పుకున్నాడు. డేల్ చెప్పిన కథ వేరు. తను ఒక్కడే వెళ్లాడట, రేపు పనికి తొందరగా రమ్మని మర్యాదగా చెప్పడానికి. క్లీవన్ ఏ కారణమూ లేకుండా కాల్చాడట.

అది అబద్ధమని మా అమ్మకి తెలుసు. ఆ సాయంత్రం డేల్ వాళ్లు లేచి వెళ్లింది ఆవిడ వడ్డించబోతున్న బల్ల దగ్గర్నించే. ఆ మాట ఇంట్లో నాతో అంది. నేను లాయరు గారితో చెప్పాను. మర్నాడే ఆయన మా ఇంటికొచ్చి టోపీ మోకాలి మీద పెట్టుకుని కూర్చున్నాడు.

"నేనొచ్చి చెప్తాను," అంది అమ్మ.

"వద్దక్కా. మిమ్మల్ని నేను పిలవను."

"ఏం, నా మాట కోర్టులో చెల్లదా?"

"చెల్లుతుంది. అందుకే వద్దంటున్నాను. ఆ తర్వాత మీరు ఈ ఊళ్లో ఉండలేరు."

అమ్మ ఒప్పుకోలేదు. అప్పుడు ఆయన పతకం సంగతి చెప్పాడు. ఇటలీ కొండల మీద ఒక రాతి ఇంట్లోంచి మరతుపాకీ వీళ్ల దళాన్ని నేలకి అణిచి పెట్టేసింది. అందరికన్నా వేగంగా పరిగెత్తేవాడు ఒడెల్ ఫెయిర్ అనే కుర్రాడు. అలొంజో అతన్ని ఎడమవైపు ద్రాక్షతోటలోకి పంపాడు. తుపాకీ అటు తిరిగింది. ఈలోపు అలొంజో గోడ చేరి గ్రెనేడ్లు విసిరాడు. దళం బతికింది, ఒడెల్ బతకలేదు. ఇంటికొచ్చాక ఆయన ఆ పతకం పట్టుకుని మేకన్ ఊళ్లో ఒడెల్ తల్లి దగ్గరికి వెళ్లాడు. ఆవిడ దాన్ని ముట్టుకోలేదు. పోయేముందు తన కొడుకు ఏమైనా అన్నాడా అని మాత్రం అడిగింది. ఏమీ అనలేదని చెప్పాల్సి వచ్చింది.

"ఇంకెవర్నీ నేను ముందుకి పంపను," అన్నాడాయన.

"ఆ అబ్బాయిని నువ్వు పంపావు నాయనా," అంది అమ్మ. "నన్నెవరు పంపుతున్నారు?"

ఆయన అమ్మ పెట్టిన మొక్కజొన్న రొట్టె తినకుండానే లేచి వెళ్లిపోయాడు. ఆయన పిలవనన్నందుకు నాకు ప్రాణం లేచొచ్చింది. ఆ సంగతి అమ్మకి తెలియనివ్వలేదు.

విచారణ రోజు కోర్టు కిటకిటలాడింది. కింద తెల్లవాళ్లు, పైన గ్యాలరీలో మేము. జ్యూరీలో అందరూ తెల్లవాళ్లే. విచారణ మొదలవకముందే లాయరు గారు లేచి, ఈ కౌంటీలో ఒక్క నల్లమనిషిని కూడా ఏనాడూ జ్యూరీకి పిలవలేదని అభ్యంతరం చెప్పారు. జడ్జి ఆవులిస్తూ, "రాసుకోండి, ముందుకి పోదాం," అన్నాడు.

డేల్ చేతికర్ర పట్టుకుని బోనెక్కాడు. మా కోర్టులో నల్ల లాయరు తెల్లవాణ్ణి ప్రశ్నించడం అదే మొదటిసారి. లాయరు గారు నోరు తెరిచేసరికి కింద గొణుగుడు ఆగిపోయింది.

"మిస్టర్ ల్యాన్‌హమ్, ఆ సాయంత్రం మీతో ఎవరెవరు వచ్చారు?"

డేల్ ఆయన వైపు చూడలేదు. జడ్జి వైపు తిరిగి, "ఈ నల్లోడికి నేను జవాబు చెప్పాలా అండీ?" అన్నాడు. ఎవరో నవ్వారు. చెప్పమన్నాడు జడ్జి. ఆ తర్వాత ప్రతి జవాబూ డేల్ జడ్జితోనే చెప్పాడు, ఎదురుగా మనిషే లేనట్టు. ఒక్కణ్ణే వెళ్లానన్నాడు. తలుపు ముట్టుకోలేదన్నాడు. లాయరు గారి గొంతు ఒక్కసారి కూడా పెరగలేదు. వెనక్కి కట్టుకున్న చేతుల్లో బొటనవేలిని నలిపేసుకుంటూ ఉండడం గ్యాలరీలో ఉన్న మాకు కనిపిస్తోంది.

"ఏం అలొంజో, ఇంకా సాక్షులెవరైనా ఉన్నారా నీకు?" అని అడిగాడు జడ్జి.

లాయరు గారు లేరనబోయారు. నా పక్కన బెంచీ కిర్రుమంది. అమ్మ లేచింది. నేను చెయ్యి పట్టుకుంటే నెమ్మదిగా విడిపించుకుని గ్యాలరీ మెట్లు దిగడం మొదలుపెట్టింది. ఆవిడ బూట్ల చప్పుడు ఒక్కటే వినిపిస్తోంది. కోర్టులో తలలన్నీ తిరిగాయి.

లాయరు గారు ఆవిణ్ణి చూశారు. ముందు కాదన్నట్టు తలాడించారు. అమ్మ ఆగలేదు. ఆయన కళ్లు మూసుకుని తెరిచి, "ఒక్క సాక్షి ఉన్నారండీ. మిసెస్ ఓలా మే గ్రైమ్స్," అన్నారు.

తెల్ల ఆడవాళ్లకే దక్కే ఆ మిసెస్ అన్న పిలుపు ఆ కోర్టులో మా అమ్మకి దక్కడం అదే మొదలు. ఇంతసేపూ లోపలే కూర్చుని అన్నీ విన్న మనిషిని సాక్షిగా ఒప్పుకోకూడదని ప్రభుత్వ లాయరు లేచాడు. జడ్జి చెయ్యి ఊపాడు. "ల్యాన్‌హమ్ వాళ్ల వంటమనిషే కదా. ఆ కుటుంబం గురించి నాలుగు మంచి మాటలు చెప్తుందిలే. చెప్పనీ."

అమ్మ చెప్పింది. డేల్ బాబూ ఇంకో ముగ్గురూ బల్ల దగ్గర కూర్చున్నారంది. వాళ్ల పేర్లు చెప్పింది. వాళ్లలో ఇద్దరు అప్పుడు కోర్టులోనే ఉన్నారు. "కోడి వేడిగా ఉంచు ఓలా మే, క్లీవన్‌ని చెట్టుకి వేలాడదీసి వస్తాం అన్నారు. సామాన్ల గదిలోంచి తాడు తెచ్చి ట్రక్కులో వేసుకున్నారు. నేను కిటికీలోంచి చూశాను."

"తిరిగొచ్చి తిన్నారా?" అని అడిగారు లాయరు గారు.

"లేదండీ. ఆ రాత్రి ఎవరూ తినలేదు."

ప్రభుత్వ లాయరు ఆవిడ ముఖం మీదికి వంగాడు. "నువ్వు ఎవరి తిండి తింటున్నావో తెలుసా?"

"తెలుసండీ. వండేది నేనే కదండీ."

గ్యాలరీలో ఎవరో నవ్వు ఆపుకోలేక దగ్గారు. కింద ఎవరూ నవ్వలేదు. డేల్ తండ్రి పెద్ద ల్యాన్‌హమ్ ముఖం ఎర్రబడింది.

జ్యూరీ అలా లోపలికెళ్లి ఇలా తిరిగొచ్చింది. నేరం రుజువైందన్నారు. పదేళ్ల కఠిన శిక్ష. క్లీవన్ భార్య గ్యాలరీ కమ్మీ మీద తల వాల్చేసింది.

మేం బయటికొచ్చేసరికి లాయరు గారి పాత కారు చుట్టూ మనుషులున్నారు. ఒకడు బానెట్ మీద కాళ్లు చాపుకుని కూర్చున్నాడు. తాడు పట్టుకెళ్లారని అమ్మ పేర్లు చెప్పిన వాళ్లలో ఒకడు. మెట్ల మీద నిలబడిన షెరీఫ్ మమ్మల్ని చూసి ముఖం తిప్పుకున్నాడు.

"చర్చికి పోతున్నట్టు నడవండి. ఎవరి కళ్లలోకీ చూడకండి," అన్నారు లాయరు గారు.

ఆయన తలుపు తీసి అమ్మని కూర్చోబెట్టారు, తర్వాత నన్ను. బానెట్ మీది వాడితో, "మేం వెళ్తున్నామండీ. దయచేసి దిగండి," అన్నారు. వాడు అద్దం మీద ఉమ్మాడు. ఆయన ఇంకేమీ అనకుండా వచ్చి కూర్చుని కారు స్టార్ట్ చేశారు. మనిషి నడక కన్నా వేగం లేకుండా ముందుకి పోనిచ్చారు. వాడు దిగలేదు. కారు ఆగలేదు. కోర్టు చుట్టూ ఉన్న వీధి సగం దాకా వాడు అలాగే మా ముందు కూర్చుని వచ్చాడు, వైపర్ పట్టుకుని, మమ్మల్నే చూస్తూ. పక్కన వాడి మనుషులు నడుస్తున్నారు. ఒకడు నా కిటికీ మీద గుద్దాడు. అమ్మ చేతి సంచీ ఒళ్లో పెట్టుకుని నిటారుగా కూర్చుంది. మూల తిరిగేటప్పుడు వాడు పట్టు తప్పి గెంతాల్సి వచ్చింది. తూలి దుమ్ములో మోకాళ్ల మీద పడ్డాడు. అప్పుడు లాయరు గారు వేగం పెంచారు.

ఊరు దాటి చాలాదూరం వెళ్లాక కారు ఆపి దిగి, గడ్డిలోకి వెళ్లి వాంతి చేసుకున్నారు. అమ్మ తన రుమాలు ఇచ్చింది.

అమ్మ మళ్లీ ల్యాన్‌హమ్ ఇంటి గడప తొక్కలేదు. మా అద్దె ఇల్లూ వాళ్లదే, ఖాళీ చేయించారు. కొన్నాళ్లకి లాయరు గారి ఆఫీసు కిటికీలు పగిలాయి. ఆయన అట్టలు కట్టి పని చేశారు. పై కోర్టుకి వెళ్లారు, ఓడారు. ఇంకా పై కోర్టుకి వెళ్లారు. నేను టైపు చేసిన కాగితాల్లో అమ్మ చెప్పిన ప్రతి మాటా ఉంది. చివరికి, నల్లవాళ్లకి చోటివ్వని జ్యూరీ ఇచ్చిన తీర్పు చెల్లదని, కేసు మళ్లీ మొదట్నించి నడపమని పై కోర్టు చెప్పింది. మళ్లీ నడిపితే అమ్మ మళ్లీ బోనెక్కుతుందని ల్యాన్‌హమ్ వాళ్లకి తెలుసు. కేసు ఎత్తేశారు.

క్లీవన్ ఖైదీలతో చేయించే రోడ్డు పనుల నుంచి ఎముకల గూడులా బయటికొచ్చాడు. చాలామందిలా ఉత్తరాదికి, డెట్రాయిట్ పోతాడనుకున్నాం. పోలేదు. ఇంటికి కొత్త తలుపు పెట్టించుకుని అక్కడే ఉన్నాడు. అమ్మ లాయరు గారి ఆఫీసు కింద, పచారీ కొట్టు వెనక భాగంలో చిన్న భోజనాల గది తెరిచింది. కక్షిదార్లు తిని పైకెళ్లేవాళ్లు, కొందరు తినేసి ఇంటికెళ్లేవాళ్లు.

లాయరు గారు ముసలివాడయ్యే దాకా కోర్టుకెళ్లారు. గెలిచిన వాటికన్నా ఓడినవే ఎక్కువ. అదే కోర్టులో మొదటిసారి నల్లవాళ్లు జ్యూరీలో కూర్చున్న కేసూ ఆయనదే. పంది దొంగతనం కేసు. ఆయన కక్షిదారు దొంగే. ఆయన పోరాడి జ్యూరీలో కూర్చోబెట్టిన మా చర్చి పెద్దే అందరికన్నా ముందు దోషి అన్నాడట. లాయరు గారు అమ్మ దగ్గరికొచ్చి ఆ సంగతి చెప్తూ కుర్చీలో వెనక్కి వాలి, కళ్ల నీళ్లొచ్చేదాకా నవ్వారు. ఆయన అలా నవ్వగా నేను చూడటం అదే మొదలు. అమ్మ ఆయన ముందు పళ్లెం పెట్టి, "ముందు తిను నాయనా, చల్లారిపోతుంది," అంది.