పెట్టె ముందర ఒక పేరు, లోపల ఒక పేరు

మా పాప డీటీపీ నేర్చుకొని, ఇంట్లోనే పెండ్లిపత్రికలు టైపు చేసిస్తానని పట్టుబట్టింది. చంద్రగిరిలో అప్పటికి ఇండ్లల్లో కంప్యూటర్లు యాడుండాయి? తిరపతికి పోయి కొనాల. నా తమ్ముడు అక్కడ కంప్యూటర్లు బిగించి అమ్మే అంగట్లో పనికుండినాడు. ఇంకొకరిని అడిగే పనేముండాది అనుకున్నాను.

మా ఇండ్లల్లో ఆడబిడ్డకు మొదటి వస్తువేదైనా మేనమామ చేత్తోనే రావాల. చెవులు కుట్టిన నాటి కమ్మలు అట్లే, మొదటి పట్టుపావడా అట్లే. మేనమామ తెచ్చినదాన్ని తిప్పి తిప్పి చూస్తే ఆయన్ను అవమానించినట్టే.

పాప మాత్రం ముందే చెప్పింది. "మామా, నేను చేసేది టైపింగే గదా. తక్కువ రకం ప్రాసెసర్ చాలని మా సారు చెప్పినాడు."

వాడు కాఫీగ్లాసు కింద పెట్టి నవ్వినాడు. "సూడక్కా నీ కూతుర్ని! మేనమామ బతికుండగా తక్కువ రకమంట! అది బండికి ఇంజను మాదిరి పాపా. చిన్న ఇంజనుతో తిరుమల ఘాటు ఎక్కుతావా?"

"నేను కొండెక్కేదేముండాది మామా, కొట్టేది పెండ్లిపత్రికలు."

"నోరు సూడు దీనికి!" అని పాప నెత్తిన మొట్టినాడు.

పెద్ద రకానికే డబ్బు కట్టినాము. వాడే అంగట్లో తన చేత్తో బిగించి, ఆటోలో తెచ్చినాడు. నేను పసుపు, కుంకుమ పెట్టి కర్పూరం వెలిగించినాను. పెట్టె ముందర పెద్ద రకం పేరుతో స్టిక్కరు మెరస్తా ఉండింది. పాపకు పని బాగానే వచ్చింది.

కొన్నాళ్లకు పాప నన్ను పిలిచి తెరమీద ఒక పేరు, పెట్టె ముందరి స్టిక్కరు మీద ఒక పేరు చూపించింది. నాకు ఇంగ్లీషు రాదు. అయినా ఒకటి పొట్టి పేరు, ఇంకొకటి పొడుగు పేరు, రెండూ ఒకటి గావని తెలిసింది.

"అమా, లోపలుండేది చిన్న రకమే," అనింది.

"పని ఆగిందా మే?"

"లేదు. నాకిదే చాలంటిని గదా."

మేము అడిగిందే ఇచ్చుంటే ఎంత సంతోషపడుందుమో! అది వద్దని ఎగతాళి చేసి, పెద్దదానికి డబ్బు తీసుకొని, చిన్నదే పెట్టినాడు.

మా ఆయన మాత్రం, "అంగడోడు మార్చుంటాడు, నీ తమ్ముడికి తెలిసుండదు," అనినాడు. అట్లయితే బాగుండునని నాకూ ఆశే. పాపను మాట్లాడొద్దని చెప్పి, వాడు అన్నానికి వచ్చిన నాడు నేనే అడిగినాను.

"నాయనా, దీంట్లో ఏది యేసినావురా?"

వాడు చెయ్యి కడుక్కొనొచ్చి స్టిక్కరు మీద వేలితో తట్టినాడు. "ఈడ రాసుండాది గదక్కా. నీకు సదువు రాదు గానీ, ఎవురినైనా అడుగు."

అంగడోడి మీద తోసుంటే నమ్ముందును. వాడు రెండోసారి అన్నం పెట్టించుకొని తిని పోయినాడు.

తర్వాత ప్రింటరు కొనడానికి నేనూ పాపా మాత్రమే పోతిమి. మేనమామను కాదని అక్క బయట కొనిందని వాడు చుట్టాలందరి దగ్గరా చెప్పుకొని బాధపడినాడంట. చెప్పుకోనీ అని ఊరకుండినాను.