గోళీ లేని బెల్లం ముద్ద

నా చిన్నప్పుడు, ఒక సోమవారం ఉదయం ఏడు గంటలకు, మా నాయనమ్మ మా అక్కకు ఇచ్చే బెల్లం ముద్దలో మందు గోళీ పెట్టడం మానేసింది. వేళ ఎందుకు గుర్తుందంటే, ఆత్మకూరు నుంచి వనపర్తికి పోయే మొదటి బస్సు అప్పుడే మా ఊరు దాటింది.

అక్కకు మూర్ఛ ఉండేది. వనపర్తి దవాఖానలో ఇచ్చిన గోళీలు మొదలుపెట్టాక రెండేళ్లపాటు ఒక్కసారి కూడా పడిపోలేదు. గోళీ చేదు కాబట్టి నాయనమ్మ దాన్ని బెల్లంలో దాచి మింగించేది. అయితే రెండో ఏట అక్క చిగుళ్లు ఉబ్బాయి. పళ్ల సందుల్లో చిన్న బొడిపెల్లా లేచి, మెల్లగా పళ్ల మీదికి పాకాయి. పన్నెండేళ్ల పిల్ల నవ్వితే పళ్లు సగమే కనిపించేవి. పక్కింటి పెద్దమ్మ కనబడినప్పుడల్లా, "ఏందే, నోట్లె సెనగపప్పు దాసుకున్నవా? మాగ్గూడ జర పెట్టు" అనేది. చుట్టూ ఉన్న ఆడవాళ్లు నవ్వేవారు. అక్క కూడా నవ్వబోయి నోటికి చెయ్యి అడ్డం పెట్టుకునేది.

అక్క సరిగా తోముకోవడం లేదని నాయనమ్మ మొదట అనుకుంది. రోజూ ఆమె తలను ఒళ్లో అదిమిపట్టి, ఉప్పూ బొగ్గుపొడీ కలిపి తానే రుద్దేది. అమ్మ కాళ్లు పట్టుకునేది. నెత్తురు కారేది గానీ చిగుళ్లు తగ్గలేదు. పుండ్లు పడి ఇంకా ఉబ్బాయి.

నాయనమ్మ తెలివి తక్కువ మనిషి కాదు. పల్లి చేనుకు ఏ మందు కొట్టాలో, ఎప్పుడు ఆపాలో మా నాయన ఆమెనే అడిగేవాడు. అక్క చిగుళ్లు గోళీలకు ముందు బాగుండేవని, వాటి తర్వాతే పెరిగాయని ఇంట్లో కనిపెట్టింది ఆమె ఒక్కతే.

"మందు కొట్టినంక ఆకు మాడితే ఏం జేస్తం? మందు ఆపుతం. గంతే" అంది నాయనతో.

"దవాఖానల అడిగొస్త" అన్నాడు నాయన.

"అడిగితే ఇంకో సీసెడు అంటగడ్తరు."

మొదటి రోజే అక్కకు తేడా తెలిసింది. "అవ్వా, ఇయ్యాల చేదు లేదు."

"చేదు బోయిందంటే రోగం బోయినట్టే. నోరు మూస్కొని మింగు."

అక్క సంతోషంగా మింగింది. ఆ మూడు రోజులూ పెదవి పైకెత్తి అద్దంలో చూసుకుంటూనే ఉంది.

గురువారం మధ్యాహ్నం పచ్చడి నూరుతూ పడిపోయింది. నోరు రోటి అంచుకు కొట్టుకుంది. ఒక మూర్ఛ ఆగకముందే ఇంకొకటి వచ్చింది. ఆ వేళ బస్సు లేదు. ఎడ్లబండిలో వనపర్తి చేరేసరికి పొద్దు గుంకింది.

"గోళీ ఎవరు ఆపిన్రు?" అన్నాడు డాక్టరు.

"నేనే సారూ. దానితోనే చిగుర్లు పెరుగుతున్నయి."

"పెరుగుతయి. ఆ గోళీ గుణమే అది. మెత్తగ తోముకుంట సాఫుగ పెట్టుకుంటే జర తగ్గుతయి. తగ్గకుంటే మందు మేం మారుస్తం. మీ అంతట మీరు ఒక్కసారిగ ఆపితే గిట్లనే అయితది."

"గీ ముచ్చట గోళీలిచ్చిన నాడే చెప్తే, మీ నోటి ముత్యాలు రాలుతుండెనా?"

డాక్టరు తర్వాతి మనిషిని పిలిచాడు.

మందు మార్చారు. ఏడాది తిరిగేలోగా అక్క చిగుళ్లు చక్కగా తగ్గాయి. వాటి కింద కనిపించడానికి ముందరి పళ్లు లేవు. మా అమ్మ ఊరుకోలేదు. నాయనమ్మకు కంచం పెట్టిన ప్రతిసారీ, "తిను, చేదు లేదు" అనేది. నాయనమ్మ తల వంచుకుని తినేది. చనిపోయే దాకా అలాగే తిన్నది.

పోయిన ఏడాది బీపీ గోళీలు మొదలైన కొన్ని నెలలకు నా చిగుళ్లు కూడా ఉబ్బాయి. గోళీ మానలేదు. ఆ గోళీల అట్ట చేత్తో పట్టుకుని గద్వాలలో డాక్టరు ముందు నోరు తెరిచి కూర్చున్నాను. ఆయన చూసి మందు మార్చాడు. ఇప్పుడు ఎవరు ఏ కొత్త గోళీ రాసినా, ఇది నోటిని ఏం చేస్తుందో చెప్పించుకోకుండా కుర్చీలోంచి లేవను. విసుక్కునేవాళ్లు ఉన్నారు. విసుక్కోనీ.

ఆ గురువారం మా ఇంట్లో పోయినవి ఇవి: అక్క పై పళ్లు నాలుగు, ఏడో తరగతి చదువు, మాట. అక్క ఇంకో పంతొమ్మిదేళ్లు బతికింది. నా పేరు ఒక్కసారి కూడా పిలవలేదు.