సగం చేసే చెయ్యి

పర్వతాలు అన్న చేతి గురించి చెప్పాలంటే ముందు లేత్ గురించి రెండు మాటలు చెప్పాలి. లేత్ మీద ఇనుప కడ్డీ గిరగిరా తిరుగుతుంటుంది. మనం చక్రం తిప్పి, చెక్కే టూలును ఒక పక్కనుంచి దగ్గరికి నెడతాం. కడ్డీ తిరుగుతోంది కాబట్టి ఈ పక్క ఎంత పోతే ఆ పక్కా అంతే పోతుంది. మందం ఒక మిల్లీమీటరు తగ్గాలంటే టూలును అర మిల్లీమీటరే నెట్టాలి. ఎంత తీయాలన్నా చక్రం తిప్పేది అందులో సగమే. కొత్తగా చేరినవాడు పెదాలు కదుపుతూ లెక్కపెట్టుకుంటాడు. అన్న లెక్కపెట్టడం నేనెప్పుడూ చూడలేదు. కొలిచేవాడు, నాతో మాట్లాడుతూనే చక్రం తిప్పేవాడు, సగం దానంతటదే అయిపోయేది.

నా పేరు బ్రహ్మచారి. పేరే అంత, ముగ్గురు పిల్లల తండ్రిని. మౌలాలిలో సుబ్బరాజు గారి వర్క్‌షాపులో వెల్డింగ్ నా పని. నా చోటుకూ అన్న లేత్‌కూ మధ్య ఒక రేకు అడ్డం, అంతే. పెళ్ళి కాకముందు నుంచీ అతని పక్కనే ఉన్నాను కాబట్టి ఈ సంగతి చెప్పే హక్కు నాకుందనుకుంటాను. లేకపోయినా చెబుతాను.

రెండు వేల మూడులో సుబ్బరాజు గారు మమ్మల్నందరినీ పిలిచి కంప్యూటర్‌తో నడిచే లేత్ వస్తోందని చెప్పారు. "ఎవరు నేర్చుకుంటే వాళ్ళకే ఇస్తాను. పాత లేత్ ఇక ఎంతోకాలం ఉండదు. తర్వాత నన్నని లాభం లేదు," అన్నారు. ఆయన భీమవరం మనిషి, మాట మెత్తగా ఉంటుంది. ఆ మెత్తని మాట పర్వతాలు అన్న గుండెల్లో రాయిలా పడింది. యాభై దగ్గర పడుతున్న మనిషి. లేత్ పోతే ఇంకో పని రాదు.

కార్ఖానా అనే పేటలో ఒక చర్చి వాళ్ళు కమ్యూనిటీ కాలేజీ నడిపేవారు. చదువు మధ్యలో ఆపేసినవాళ్ళకు సాయంత్రాలు పని నేర్పేవారు. కంప్యూటర్ లేత్ కోర్సు ఉందని, దానితో పాటు లెక్కలు కూడా చెబుతారని తెలిసి అన్న చేరాడు. ఏడో తరగతితో బడి మానేసినవాడు, మీసాలు రాని పిల్లల మధ్య బెంచీ మీద కూర్చున్నాడు. లెక్కలు చెప్పేది ఆలిస్ టీచర్, బడిలో పనిచేసి రిటైరైన ఆవిడ. దశాంశాలు, మైనస్ గుర్తులు, కోణాలు మొదటినుంచీ చెప్పింది. మొదటి వారం అన్న మొహం చూస్తే జాలేసింది. తర్వాత ఒకరోజు మధ్యాహ్నం అన్నం తింటూ, "చారీ, మైనస్సు అంటే భయం పోయిందిరా. గది సుత మనలెక్కనే, వెనకకు నడుస్తది, అంతే," అన్నాడు. ఆరోజు నాకు నిజంగా సంతోషమేసింది.

చిక్కు అక్కడ రాలేదు. కంప్యూటర్ లేత్‌కు సగం అక్కరలేదు. ఒక మిల్లీమీటరు తగ్గాలంటే ఒకటనే చెప్పాలి, సగం చేసుకోవడం దాని పని. మనం కూడా సగం చేసి చెబితే ముక్క లావుగా మిగిలిపోతుంది. అన్నకు ఆ మాట అర్థం కాక కాదు. అర్థమైంది. వేళ్ళకు అర్థం కాలేదు. రెండు అని నోటితో అంటూనే వేలు ఒకటి నొక్కేది. పిల్లలు నవ్వేవారు. అసలు పరీక్షకు ముందు పెట్టిన నమూనా పరీక్షలో అన్న చేసిన ముక్కలన్నీ లావే.

ఆలిస్ టీచర్ నవ్వలేదు. పక్కకు పిలిచి, "పర్వతాలు గారూ, మీకు రాక కాదండి, మరీ ఎక్కువ వచ్చు. అదే అడ్డమొస్తోంది. పరీక్ష అయ్యేదాకా ఇంట్లో గానీ బయట గానీ దేన్నీ సగం చేయకండి. ఆ మాటే అనకండి," అంది.

అన్న దాన్ని దీక్షలా పట్టాడు. స్టేషన్ దగ్గర ఇరానీ హోటల్లో మేమిద్దరం ఎప్పుడూ ఒక చాయ్‌ని వన్ బై టూ చేసుకుని తాగేవాళ్ళం. అది మానేశాడు. "నిండుదే తేరా భాయ్," అనేవాడు వెయిటర్‌తో. ఇంట్లో రొట్టె తుంచి పెడితే తినేవాడు కాదు. వాళ్ళావిడ విజయమ్మ నాతో మొరపెట్టుకుంది. "ఏందన్నా గిది, మీ దోస్తుకు పిచ్చి లేసిందా? నిమ్మకాయ కోస్తుంటే సుత లేచి బయటికి పోతున్నడు." అన్నతో సహా ముగ్గురం కడుపు పట్టుకుని నవ్వుకున్నాం. లేత్ మీద మాత్రం ఆ నెలంతా అన్న సన్నటి పని ముట్టుకోలేదు. మొద్దు పనులే చేస్తూ వచ్చాడు.

పరీక్షలో అన్న చేసిన ముక్క చక్కగా వచ్చింది. ఆలిస్ టీచర్ దాన్ని అందరికీ చూపించింది. అన్న ఆ ముక్క జేబులో వేసుకుని తిరిగాడు, అడిగినవాళ్ళకూ అడగనివాళ్ళకూ చూపించాడు.

కొత్త మెషీన్ వచ్చింది. కొబ్బరికాయ కొట్టారు, పసుపు కుంకుమ పెట్టారు. అన్న కొత్త చొక్కా వేసుకొచ్చి ముందు నిలబడ్డాడు. సుబ్బరాజు గారు డిప్లొమా చదివిన ఒక కుర్రవాడి భుజం మీద చెయ్యి వేసి మెషీన్ దగ్గరికి తీసుకెళ్ళారు. ఆ కుర్రవాణ్ణి మేము చూడటం అదే మొదటిసారి.

అన్న ఆయన దగ్గరికి వెళ్ళి అడిగాడు. "సార్, నేను నేర్చుకొచ్చిన గద."

"తెలుసయ్యా, సంతోషం," అన్నారు ఆయన. "కానీ పెద్ద కంపెనీల వాళ్ళు చూడ్డానికొస్తారు, డిప్లొమా ఉన్న మనిషి కనపడాలి. అయినా నీలాంటి చెయ్యి ఆ బొత్తాలు నొక్కడానికెందుకు? పాత లేత్ అమ్మేద్దామనుకున్నాను గానీ, నీ కోసమే ఉంచుతున్నాను. రిపేరు పనులన్నీ నీవే. ఆ చెయ్యి ఇంకెవరికుంది చెప్పు?"

పొగిడి ముంచడమంటే ఏమిటో నేను ఆరోజు కళ్ళారా చూశాను. తిడితే తిరిగి ఒక మాట అనొచ్చు. పొగిడిన మనిషిని ఏమంటాం? అన్న తలూపి లేత్ దగ్గరికి వచ్చేశాడు. నేనేమైనా అంటానేమోనని నావైపు చూడలేదు. సుబ్బరాజు గారి ఉప్పు తినే నేనూ నోరు మూసుకున్నాను. ఆ కోపం ఇప్పటికీ చల్లారలేదు.

ఆ వారంలోనే జనగామ వైపు నుంచి ఒక రైస్ మిల్లు షాఫ్ట్ రిపేరుకు వచ్చింది. చాలా పాతది, అలాంటిది ఇప్పుడు ఎక్కడా దొరకదు. అరిగిన చోట నేను వెల్డింగ్‌తో లోహం పోశాను. దాన్ని బేరింగ్ సైజుకు చెక్కడం అన్న పని. పొద్దుటినుంచి కొంచెం కొంచెంగా తీసుకుంటూ వచ్చాడు. చివరికి అర మిల్లీమీటరు మిగిలింది. కొలిచాడు. మళ్ళీ కొలిచాడు. చక్రం తిప్పాడు. ఎప్పట్లాగే నాతో ఏదో మాట్లాడుతూనే తిప్పాడు.

ఆపి చూస్తే సన్నబడిపోయింది. బేరింగ్ ఎక్కిస్తే ముసలమ్మ చేతి గాజులా అటూ ఇటూ జారింది. అర మిల్లీమీటరు తీయాలని చక్రాన్నీ అంతే తిప్పాడు. కొత్త మెషీన్ మీద పొరపడితే లోహం మిగులుతుంది, మళ్ళీ తీసుకోవచ్చు. పాత లేత్ మీద ఆ వీలు లేదు. పోయింది పోయినట్టే.

అన్న తన కుడిచేతిని వేరెవరిదో అన్నట్టు చూసుకున్నాడు. "చారీ, సగం చెయ్యలే," అన్నాడు.

నేను గబగబా మళ్ళీ లోహం పోశాను. ఎవరికీ తెలియకుండా సర్దేద్దామనుకున్నాను. రెండోసారి వేడికి ఆ ముసలి షాఫ్ట్ వంగింది. మిల్లు యజమాని వచ్చి వర్క్‌షాపు అదిరేలా అరిచాడు. సుబ్బరాజు గారు ఆయన్ని సముదాయించి పంపి, మా దగ్గరికి వచ్చి మెత్తగానే అన్నారు. "వయసైపోయింది పర్వతాలూ. చెయ్యి తప్పింది. నీ తప్పు కాదులే."

వయసు కాదు సార్, మీరు నేర్చుకోమన్నారు కాబట్టి నేర్చుకున్నాడు, అది తెచ్చిన తిప్పలు ఇవి. ఈ మాట నేను ఆయన ముందు అనలేదు, ఇక్కడ రాస్తున్నాను.

ఆ తర్వాత అన్న లేత్ దగ్గర నిలబడ్డాడు గానీ పని సాగలేదు. చక్రం పట్టుకుని ఆగిపోయేవాడు. వేలితో ఇనుము మీద అంకె రాసి, చెరిపి, మళ్ళీ రాసేవాడు. కొత్తగా చేరినవాడిలా పెదాలు కదిపేవాడు. సరిగ్గా చేసిన రోజు కూడా చేశానన్న నమ్మకం ఉండేది కాదు. రిపేరు పనులు బయటికి వెళ్ళడం మొదలైంది. కార్ఖానాలో ఒకసారి ఆలిస్ టీచర్ నాకు ఎదురుపడి, "పర్వతాలు గారు కొత్త మెషీన్ మీద ఎలా చేస్తున్నారండి?" అని ఎంతో ఆశగా అడిగింది. "మంచిగనే చేస్తున్నడమ్మా," అన్నాను. ఆవిడ సంతోషంగా వెళ్ళిపోయింది.

చివరికి లేత్‌ను అమ్మేశారు. కొనడానికి యాప్రాల్ నుంచి సోమయ్య అనే ఆయన టెంపోతో వచ్చాడు. అన్న ఆరోజు పొద్దున్నే వచ్చి దాన్ని కిరోసిన్‌తో తుడిచి, నూనె రాసి పెట్టాడు. అన్నను ఆ మర్నాటి నుంచి కుర్రవాడి మెషీన్ దగ్గర తయారైన ముక్కలు తుడిచి డబ్బాల్లో సర్దే పనికి మార్చారు.

సోమయ్య లేత్ చుట్టూ తిరిగి చూశాడు. చక్రం తిప్పి చూశాడు. దీనిమీద పనిచేసింది నువ్వేనని విన్నానంటూ అన్న దగ్గరికి వచ్చాడు.

"మంచిగున్నది గని, ఈ చక్రం మీది కొలత గీత ఒకటి జరిపితే కడ్డీ మందం ఎంత తగ్గుతదన్నా?"

అన్న నోరు తెరిచాడు. చక్రం వైపు చూశాడు. కుడిచెయ్యి కొంచెం లేచి ఆగిపోయింది. తర్వాత నావైపు తిరిగాడు.

"చారీ, జెర నువ్వు జెప్పురా," అన్నాడు.

నేను చెప్పాను. అన్న పక్కనే నిలబడి శ్రద్ధగా విన్నాడు.