యాదగిరి సార్ తన పేరు పెట్టుకున్న అతుకు

మంగళవారం ఉదయం మణికొండలో ఆఫీసు బస్సు కోసం నిలబడి ఉండగా ఫోనులో ఆ దుర్వార్త వచ్చింది. మా యాదగిరి సార్ నిద్రలోనే కన్నుమూశారట. ముందురోజు సాయంత్రం నాతో కలిసి టీ తాగి, "రేపు జర జల్ది రా బిడ్డా, పని మస్తుంది" అని చెప్పి వెళ్లిన మనిషి! బస్సు వచ్చింది, వెళ్లిపోయింది. నేను ఫుట్‌పాత్ మీదే ఉండిపోయాను.

హైటెక్ సిటీలో మేము చేసే పని గురించి బయటివాళ్లకు పెద్దగా తెలియదు. ఏ వస్తువైనా కంప్యూటర్‌లో రూపుదిద్దుకునేటప్పుడు దాని ఉపరితలం ఎన్నో ముక్కలుగా ఉంటుంది. ముక్కకూ ముక్కకూ మధ్య వెంట్రుకవాసి సందు మిగిలినా, అంచులు ఎగుడుదిగుడుగా కలిసినా ఆ వస్తువు పనికిరాదు. ఆ సందులు పూడ్చి, అంచులను నునుపుగా కలపడమే మా ఉద్యోగం. ఈ విద్యలో సార్ నిష్ణాతులు. గోపన్‌పల్లిలో పుట్టి, యౌవనంలో చందానగర్‌లో కార్ల సొట్టలు తీసి, ఆ తర్వాత ఐటీఐ చదివి, కేవలం స్వయంకృషితో ఇంత దూరం వచ్చారు.

నేను కడప నుంచి వచ్చి చేరిన మొదటి రోజు ఆయన అసలు కంప్యూటర్ ముట్టుకోలేదు. తన స్టీలు టిఫిను డబ్బా మూత నా చేతిలో పెట్టి, పైనున్న ట్యూబులైటు అందులో ఎలా కనిపిస్తుందో చూడమన్నారు. "గీత ఏడ వంకర పోతే ఆడ సొట్ట ఉన్నట్టు. సాఫ్ట్‌వేర్ వస్తువు మీద చూపే చారలు గూడ గంతే. పరేషాన్ గాకు" అన్నారు. మూతకంటిన ఆవకాయ నూనె మరకను కూడా నేను సొట్టే అనుకుని చూపించాను. ఆ రోజు ఆయన నవ్వు ఫ్లోరంతా వినబడింది.

ఆయనకొక నియమం ఉండేది. పూడ్చిన ప్రతి అతుకుకూ, పూడ్చినవాళ్ల పేరు ఫైలులో పెట్టి తీరాలి. "అతుకు ఉండొచ్చు, గతుకు ఉండొద్దు. అతికినోళ్లెవరో ఎనకొచ్చేటోళ్లకు తెల్వాలె" అనేవారు. పేరు పెట్టడం మరిచినది మేనేజరైనా సరే, ఫైలు వెనక్కి పంపేవారు. అంతటి మొండిమనిషి!

నేను చేరిన నాలుగో నెలలో, ఒక పాప కృత్రిమ కాలిలో, ఆమె తన కాలు దూర్చుకునే తొడుగు ఫైలు నాకు ఇచ్చారు. మోకాలి కింద ఒక సందు ఎంతకీ పూడలేదు. ఎంత సందును లేనట్టే భావించాలో సాఫ్ట్‌వేర్‌కు మనమే చెప్పే అంకె ఒకటుంటుంది. నేను ఆ అంకెను పెంచేశాను. తెర మీద సందును చూపే ఎర్రగీత మాయమైంది, సందు మాత్రం అలాగే ఉంది. పిల్లి కళ్లు మూసుకుని పాలు తాగినట్టు, అతుకుకు నా పేరు పెట్టి పంపేశాను. ఆ రోజు సార్ సెలవులో ఉన్నారు.

పది రోజులకు ఫైలు తిరిగొచ్చింది. తొడుగు సరిగ్గా అక్కడే చీలిందట, పాప చర్మం ఒరుసుకుపోయిందట. "సార్, నేనే చేసినాను. అందరికీ చెప్పేస్తాను" అని ఏడ్చాను. ఆయన తిట్టలేదు. "చెప్తే నీ కొలువు పోతది. ముందు గా పాప కాలు సంగతి చూద్దాం, కూసో" అన్నారు. రెండు రోజులు పక్కన కూర్చోబెట్టుకుని ఆ అతుకును నా చేతనే మళ్లీ చేయించారు. కొత్త తొడుగుతో పాప నడిచింది. మీటింగులో మాత్రం, "గది నేనే చేసిన. తప్పు నాదే" అన్నారు. పాత ఫైలు తెరిచి చూస్తే ఆ అతుకు మీద ఆయన పేరుంది. జీవితంలో ఆయన తన నియమం తప్పింది ఆ ఒక్కసారే. ఆ ఏడు ఆయనకు రావలసిన టీమ్ లీడ్ పదవి వేరొకరికి వెళ్లింది. నేను నోరు మెదపలేదు. ఆ పిరికితనానికి ఇప్పటికీ సిగ్గుపడుతున్నాను.

మొన్న ఆఫీసులో జరిగిన సంతాపసభలో మేనేజర్ ఆయనను మనసారా కొనియాడారు. చివర, "ఇన్నేళ్లలో సార్ చేసిన ఫైలు తప్పని తిరిగొచ్చింది ఒకే ఒక్కసారండీ" అన్నారు. లేచి నిలబడ్డాను. అందరూ నా వైపు తిరిగారు. మళ్లీ కూర్చున్నాను.

ఆ సాయంత్రమే గోపన్‌పల్లి వెళ్లి, ఆయన భార్య లక్ష్మమ్మగారికి అంతా చెప్పుకున్నాను. ఆమె ఆశ్చర్యపోలేదు.

"నాకెర్కే బిడ్డా. గా దినమే చెప్పిండు. నీ పని చూసి మస్తు ఖుష్ అయ్యేటోడు. 'ఎన్నడో ఒకనాడు గా పిల్లనే చెప్తది, నేనెందుకు అడగాలె' అనేటోడు."

అంటే ఇన్నేళ్లూ ఆయన ఎదురుచూశారు. రోజూ టీ తాగుతూ, నా పక్కనే కూర్చుని.

ఆ కుర్చీలో రేపు ఎవరో ఒకరు కూర్చుంటారు. మేనేజర్ ఫైలును వెనక్కి పంపే మనిషి మాత్రం మాకు దొరకడు. ఆ పుణ్యమూర్తి పాదాలకు నేను సమర్పించగలిగింది ఆలస్యమైన ఈ ఒక్క మాటే. యాదగిరి సార్ చేసిన ఫైలు ఒక్కటి కూడా తప్పని తిరిగి రాలేదు. వచ్చినది నాది. ఆ అతుకు మీద ఉండవలసిన పేరు శైలజ.